కూలిన వంతెన కాడ వెన్నెల షికారు

ఏటికీ చెరువుకీ తేడా ఏంది? చెప్పండి చూద్దాం.

నువ్వు కాదమ్మణ్ణీ, నువ్వెప్పుడూ ముందే చెయ్యెత్తుతావు. చిన్నోడా, నువ్వు చెప్పు… ఆఁ. చెరువు నిలబడి ఉంటాది, ఏరు పోతా ఉంటాది. సెబాష్! ఒకటో తరగతి పిల్లోడికి తెలిసిన ముక్క. ఈ ముక్క తెలియని పెద్దమనిషి ఒకాయన ఉండినాడు. ఇంజినీరింగు చదివినాడు, తిరుపతిలో లాడ్జీలు కట్టినాడు, తెల్ల కారులో తిరిగినాడు. ఇది మాత్రం తెలుసుకోలేదు. దయ్యం కథ కావాలని ప్రాణం తీస్తా ఉన్నారు కదా, ఆయన కథే చెప్తాను. మునస్వామి చెప్పిందీ, రంజాన్‌బీ చెప్పిందీ కలిపి చెప్తాను. నా సొంతం ఒక్క ముక్క కూడా కలపను.

ఈ గుడ్డ నా ఒళ్ళోనే ఉండనీ. లాగబాకండి, సూది ఉండాది దాంట్లో. కథ అయినాక అంచు కుట్టుకుంటాను.

ఏర్పేడు దాటి కాళహస్తి దావలో పోతే, దూరంగా స్వర్ణముఖి కనబడతాది. అక్కడ ఒక వంతెన ఉండాది. సగం వంతెన అనాలి. ఎప్పుడో పెద్ద వరదలో సగం కొట్టుకోనిపోయింది. మిగతా సగం ఏటి నడిమిదాకా వచ్చి ఆగిపోయింది, చెప్తా చెప్తా మాట మర్చిపోయిన మనిషి మాదిరి.

ఆ చోటికి పేరు మంచిది కాదు.

వంతెన కూలిన రాత్రి ఒకామె దాని మీద నడిచి పోతా ఉండిందంట. ఏ ఊరామె? ఎవురి బిడ్డ? ఎవురికీ తెలీదు. శవం కూడా దొరకలేదంట. నీళ్ళ కింద వెల్లకిలా పడుకోని ఇప్పటికీ ఉండాదంట. కళ్ళు మాత్రం లేవు… చేపలు తినేసినాయి. పొద్దుగూకినాక ఎవురన్నా ఆ పక్క పోతే, నీళ్ళలో నించి మెల్లిగా అడుగుతాదంట—

"నీ కళ్ళు ఒక రవ్వసేపు ఇస్తావా… మా ఇంటి దావ చూసుకోని… మళ్ళా ఇచ్చేస్తాను…"

బళ్ళో పిల్లలు నాకీ కథ చెప్తే, నేను సైన్సు పుస్తకం తెరవమనేదాన్ని. చేపలు తిన్నాక కళ్ళు లేవు సరే, అడగడానికి నోరెట్లా మిగిలింది అని అడిగేదాన్ని.

కానీ చూసినామని ఒట్టు పెట్టేవాళ్ళు కూడా ఉండినారు. ఎనుముల్ని తోలుకోని వచ్చే మునిరామయ్య ఒకరోజు మునిమాపు వేళ వంతెన మీదనించి కిందికి చూసినాడు. నీళ్ళ కింద ఒక మొగం. చేటంత మొగం. ముక్కుండాది, నోరుండాది, ముక్కుకి బులాకీ కూడా ఉండాది… కళ్ళుండాల్సిన చోట ఖాళీ. ఎనుముల్ని ఆడనే వదిలేసి ఇంటికొచ్చి పడినాడు. ఎనుములు ఆయన కన్నా నిదానంగా, మర్యాదగా ఇంటికి వచ్చినాయి.

ఇంక మన పెద్దమనిషి సంగతి. పేరు చక్రధర్.

వాళ్ళ నాయనకి ఆ ఏటి గట్టున చెరుకు తోట ఉండింది. నాయన పోయినాక చెరుకు పీకించేసినాడు. "చెరుకు నాటి ఎవుడు బాగుపడినాడు? జనాలకి ఇప్పుడు కావాల్సింది ఎంజాయ్‌మెంటు," అన్నాడు. ఏటికి అడ్డంగా ఇసుక మూటలు పేర్చి కట్ట వేయించినాడు. పారే ఏరు, పాపం, మూతికి తాడేసిన ఆవు మాదిరి నిలబడిపోయింది.

ఆ నిలవ నీళ్ళ మీద ప్లాస్టిక్ డబ్బాలు ఒకదానికొకటి తగిలించి, తేలే అరుగొకటి చేసినాడు. జెట్టీ అంటారంట దాన్ని. అది కొట్టుకోనిపోకుండా అడుగున ఇనుప కమ్మీలూ, లావుపాటి బోల్టులూ బిగించినాడు. తొక్కితే కదిలే, ఎర్ర ముక్కుల తెల్ల ప్లాస్టిక్ బాతులు. ఒక మోటారు పడవ. ఎవురెవురి చెమటో పట్టి కంపు కొట్టే నారింజ రంగు జాకెట్లు. రోడ్డు మీద పెద్ద బోర్డు: 'స్వర్ణ మెరీనా'.

మనవాళ్ళు మద్రాసు చూడనివాళ్ళా? పడవ నడపడానికి జీతానికి కుదిరిన మునస్వామి ఆ బోర్డు చూసి నోరు మూసుకోలేకపోయినాడు. వరదల్లో తెప్ప వేసి జనాన్ని దాటించిన మనిషి ఆయన.

"మెరీనా అంటే మద్రాసులో సముద్రం కదా సార్? ఈడ ఎనుము పండుకుంటే ఈపు తడవదు."

"నీకేం తెలుసు మునస్వామీ. నీది ఎనుము లెక్క, నాది కస్టమరు లెక్క."

అట్ల ఉండేది ఆయన మాట. ఎనుములు కడిగేవాళ్ళని చూస్తే ముక్కు మూసుకునేవాడు. గుడ్డలు ఉతికేవాళ్ళని చూస్తే ఫోటోలో పడతారని పక్కకి తరిమేవాడు. గట్టు పొడుగునా గొలుసు కట్టించి, 'ఇచ్చట బట్టలు ఉతకరాదు' అని రాయించినాడు. ఏరు నీదా అని అడిగితే "పర్మిషన్ ఉండాది" అనేవాడు. ఎవురిచ్చిన పర్మిషనో ఆ ఏటికి కూడా తెలీదు.

కానీ ఒక చిక్కు వచ్చి పడింది. పగలు పిల్లలు వచ్చి బాతులు తొక్కుతారు. మా ఎండలో ఎంతసేపు తొక్కుతారు? సీటు మీద కూచుంటే తొడలు కాలి లేస్తారు. నిజంగా జనం వచ్చే వేళ సాయంత్రం. కట్ట కాడ పడవ తిప్పే చోటు చూస్తే జానెడు. తిప్పి తిప్పి తిప్పినా షికారు అనిపించుకోదు. కూలిన వంతెన దాకా పడవ పోయి వస్తేనే షికారు. పొద్దుగూకితే ఆ పక్కకి ఎవురూ రారు. ఎక్కిన వాళ్ళు కూడా వంతెన పేరు వింటే దిగిపోతారు.

సాయంత్రాలు లేకపోతే మెరీనా లేదు. వంతెన లేకపోతే సాయంత్రాలు లేవు. చక్రధర్‌కి నిద్ర పట్టనిది ఇదే.

ఇట్లా ఉండగా, ఒకరోజు రంజాన్‌బీ ఆయన్ని వెతుక్కుంటా వచ్చింది. కలంకారి బొమ్మలేస్తాది కదా, ఆ రంజాన్‌బీనే. వెనకాల కోడలు షబ్రీన్.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పాలి, ఆవులించకండి. ఆ బొమ్మలు వేసే గుడ్డని ముందు కరక్కాయ నీళ్ళలో, పాలలో నానబెడతారు. తర్వాత వెదురు కలంతో గీతలు గీస్తారు. సిరా ఏంది? ఇనుప తుక్కూ బెల్లమూ నానబెట్టిన నీళ్ళు. ఇనుమూ కరక్కాయా కలిస్తే గీత నల్లబడతాది. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళా అడుగుతాను. ఎరుపు కావాల్సిన చోట పటిక పూస్తారు, పటిక ఉండే చోటే తర్వాత ఎర్ర రంగు పడతాది. పటిక ఆరినాక గుడ్డని పారే నీళ్ళలో పట్టుకోని జాడించాలి. ఎక్కువైన పటిక నీళ్ళతో పాటు పోవాలి. నిలవ నీళ్ళలో ముంచితే పటిక యాడికీ పోదు, గుడ్డంతా పాకతాది. ఎరుపు గీత దాటి పారతాది. ఇంక ఆ బొమ్మ పనికిరాదు.

కట్ట వేసినాక, ఆ చుట్టుపక్కల నీళ్ళు పారే చోటు ఒక్కటే మిగిలింది. కట్టకి ఎగువన, కూలిన వంతెన స్తంభాల సందు.

"నాయనా, పొద్దుగూకినాక ఆ వంతెన కాడికి పడవ రానియ్యద్దు," అనింది రంజాన్‌బీ. "మాకు ఆడ పనుంటాది."

"ఆడ నీకేం పనమ్మా? దయ్యానికి సంగటి కెలుకుతావా?"

చుట్టూ ఉండేవాళ్ళు నవ్వినారు.

"గుడ్డలు జాడించుకోవాల. మా అత్త కాలం నించీ ఆడనే. నీళ్ళు ఆడే పారతాండాయి ఇప్పుడు."

"నీళ్ళు నీళ్ళే కదా. యాడ ముంచితే ఏమి?"

"పారే నీళ్ళు వేరే, నిలవ నీళ్ళు వేరే నాయనా."

"అయితే వాషింగ్ మెషిన్లో వెయ్యి. గిరగిరా పారతాది."

మళ్ళీ నవ్వులు. షబ్రీన్ మొగం ఎర్రబడింది. రంజాన్‌బీ మాత్రం అట్లనే నిలబడింది.

"ఎందుకు, పగలు ఉతుక్కోరాదా?" అన్నాడు చక్రధర్.

"అన్ని గుడ్డలూ పగలు ఉతికేవి కాదు నాయనా."

"ఏం, దొంగ గుడ్డలా?"

ఆమె కొంగు తల మీదికి లాక్కోని గట్టు ఎక్కి పోయింది.

చక్రధర్‌కి ఆమె మాట చెవిలో ఈగ మాదిరి తిరిగింది. దయ్యం అడ్డు చాలదని, ఈ ముసల్ది కూడానా? తేల్చేయాలనుకున్నాడు. పున్నమి రోజు చూసి 'వెన్నెల షికారు' అని పెట్టినాడు. తిరుపతి నించి లాడ్జీల వాళ్ళనీ, కెమెరాలు మెడలో వేసుకునే వాళ్ళనీ పిలిచినాడు. అందరి ముందరా చెప్పినాడు:

"దయ్యం కాడికి నేనే పోతా. పిలుస్తా. వస్తే కూచోబెట్టుకోని వస్తా, రాకపోతే ఒక్కణ్ణే వస్తా. రేపటి నించి వంతెన దాకా టికెట్టే!"

ఆ రాత్రి వెన్నెల పిండి ఆరబోసినట్టు ఉండింది. జెట్టీ మీద రంగు రంగు బల్బులు, పాటలు, బజ్జీల వాసన. జనమంతా ఫోన్లు ఎత్తి పట్టుకోని నిలబడినారు. పడవలో చక్రధర్, మునస్వామి ఇద్దరే. బల్బుల వెలుతురు వెనకబడినాక, పాటలు సన్నబడినాక, నీళ్ళ మధ్యలో ఒక ఇసుక తిన్నె కాడ మునస్వామి మోటారు ఆపినాడు.

"సార్… ఈడ నించి నేను రాను."

"జీతం ఎవురిస్తాండారు నీకు?"

"జీతం మీరిస్తాండారు. కళ్ళు మా యమ్మ ఇచ్చింది."

"థూ! తెప్పలు నడిపినానని గొప్పలు చెప్తావు. దిగు, దిగు! నీ కన్నా ఆ బాతులు నయం."

మునస్వామి దిగి ఇసుక మీద నిలబడినాడు. చక్రధర్ ఒక్కడే మోటారు పట్టుకోని ముందుకి పోయినాడు.

వంతెన దగ్గరికి వచ్చింది. మూడు స్తంభాలు వెన్నెల్లో బూడిద పూసుకున్న బైరాగుల మాదిరి నిలబడి ఉండినాయి. స్తంభాల సందులో నీళ్ళు గొణుగుతా పోతా ఉండినాయి. చక్రధర్ లేచి నిలబడినాడు. జెట్టీ మీది జనానికి వినబడాలని గొంతు ఎత్తినాడు.

"ఏమే, కళ్ళు లేనమ్మా! ఉండావా? కళ్ళు కావాల్నంట కదా! నాకు రెండుండాయి, షోకైనవి! తీసుకో! ఇంటికి పొయ్యి మళ్ళా తెచ్చియ్యకపోయినా పర్వాలేదు, నువ్వే పెట్టుకో!"

దూరంగా జెట్టీ మీద నవ్వులు, ఈలలు.

చక్రధర్ కూడా నవ్వినాడు. కూచుని మోటారు తిప్పబోయినాడు.

మోటారు రెండు మార్లు దగ్గింది… ఆగిపోయింది.

తాడు లాగినాడు. ఉలకలేదు. మళ్ళా లాగినాడు. పడవ తనంతట తాను మెల్లిగా పక్కకి తిరిగి, స్తంభం నీడలోకి జారింది.

అప్పుడు వినబడింది.

ఛళ్… ఛళ్…

నీళ్ళలో ఎవరో చెయ్యి ఆడించినట్టు. ఆగుతాది. మళ్ళా… ఛళ్…

చేప, అనుకున్నాడు. చేపయితే ఇంత నిదానంగా కొట్టదు. నీటికుక్క, అనుకున్నాడు. దయ్యాలు లేవని ఆయనకి తెలుసు. మనకీ తెలుసు. కానీ చూడండీ, తెలిసింది తలకాయలో ఉంటాది. వెన్నులో ఉండదు. అక్కడ చల్లగా ఏదో పాకింది.

"మునస్వామీ…" అన్నాడు. ఇసుక తిన్నె దాకా వినబడలేదు.

ఫోను తీసి లైటు వేసినాడు. నీళ్ళ మీదికి తిప్పినాడు.

నీళ్ళ కింద ఒకామె పడుకోని ఉండాది.

మనిషి కన్నా పెద్దది. జుట్టు విరబోసుకోని ఉండాది. చెయ్యి ఒకటి పైకి ఎత్తి ఉండాది. నీళ్ళు కదిలినప్పుడల్లా కడుపు పొంగి, మళ్ళా తగ్గి… ఊపిరి తీస్తా ఉండాది. ముక్కుకి బులాకీ. మూసిన పెదాల మీద సన్నటి నవ్వు. ఆ పైన—

ఆ పైన ఏమీ లేదు. కనుబొమలుండాయి. వాటి కింద తెల్లగా… ఖాళీగా…

చక్రధర్ వెనక్కి జరిగినాడు, పడవ ఊగింది. లైటు వణికింది. ఆ మొగం కూడా వణికి, మెల్లిగా పడవ వైపు లేచింది.

అప్పుడు చీకట్లో నించి, చెవి పక్కనే అన్నట్టు, ఒక గుసగుస:

"లైటు తియ్యి… సూడొద్దు నాయనా… దానికింకా కళ్ళు పెట్టలేదు…"

ఆయన తాడు ఎట్లా లాగినాడో ఆయనకే తెలీదు. ఈసారి మోటారు అందుకుంది. గుర్రుమని అరిచి, నీళ్ళ కింద దేన్నో పట్టుకుంది. పడవ గిర్రున తిరిగింది. చక్రధర్ బొక్కబోర్లా ఏట్లో పడినాడు. పడగానే చల్లటి, తడి చెయ్యి ఒకటి వచ్చి మెడ చుట్టుకుంది. ఇంకొకటి మొగం మీద పడింది… సరిగ్గా కళ్ళ మీద.

"నా కళ్ళు! నా కళ్ళు వదులే! వదులే తల్లీ! తమాషాకన్నానే!"

ఆ అరుపు జెట్టీ దాకా వినబడింది. పాటలు ఆపేసినారు.

మునస్వామి ఇసుక తిన్నె మీదనించి నీళ్ళలోకి దూకి, పరిగెత్తి వచ్చినాడు. అవును, పరిగెత్తే వచ్చినాడు. తన్నుకుంటా, నీళ్ళు మింగతా ఉన్న యజమానిని జబ్బ పట్టుకోని లేపినాడు.

"నిలబడండి సార్… నిలబడండి. నడుం లోతే."

చక్రధర్ నిలబడినాడు. నిజమే, నడుం లోతే.

స్తంభం వెనక నించి ఇద్దరు ఆడవాళ్ళు నీళ్ళలో నడుచుకుంటా వచ్చినారు. రంజాన్‌బీ, షబ్రీన్. ఇద్దరి చేతులూ ఖాళీగా ఉండినాయి.

"గుడ్డ యాడ?" అనింది రంజాన్‌బీ. "నాయనా, నా గుడ్డ యాడ పోయింది?"

అప్పటికి జనం బాతులెక్కి తొక్కుకుంటా వచ్చేసినారు. అందరి ముందరా షబ్రీన్ చెప్పేసింది. అది తిరుపతి జాతర కోసం ఒక భక్తురాలు అడిగిన గంగమ్మ తెర. రంజాన్‌బీ వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉండాది. బొమ్మకి కళ్ళు చివర్న పెడతారు, రంగులన్నీ అయినాక, తలంటు పోసుకోని. కళ్ళు పెట్టని అమ్మవారి మొగం పరాయివాళ్ళ కంట పడకూడదు. అందుకే ఆ గుడ్డలు పొద్దుగూకినాకే జాడిస్తారు, ఎవురూ రాని చోట. అత్త కాలం నించీ అంతే. మునిరామయ్య చూసిన చేటంత మొగం కూడా ఈ ఇంటిదే.

"దయ్యం అనుకుంటే మాకూ మేలే కదా, ఎవురూ రారు అని ఊరుకున్నాం," అనింది షబ్రీన్. "ఇట్ల వచ్చి మా గంగమ్మని మోటారుకి సుట్టుకుంటాడని మాకేం తెలుసు!"

జనం నవ్వినారు. ఎట్లా నవ్వినారు! బాతులు ఊగిపోయేట్టు నవ్వినారు. 'నా కళ్ళు వదులే తల్లీ' అనేది తెల్లారేసరికి నాయుడుపేట దాకా అందరి ఫోన్లలో మోగింది.

నవ్వనిది రంజాన్‌బీ ఒక్కతే. ఆమె గుడ్డ చక్రధర్ మెడ మీదనించీ మోటారు నించీ ఊడి, పారే నీళ్ళలో నించి నిలవ నీళ్ళలోకి పోయింది. అక్కడ అది ఎంతసేపు ఉంటే అంత చెడతాది. ఆమె ఒక బాతు ఎక్కింది. అవును, ఆ ఎర్ర ముక్కు బాతే. మునస్వామి తొక్కతా ఉంటే, కర్రతో నీళ్ళు కెలుక్కుంటా, వెన్నెలంతా వెతికింది. ఆ మెరీనాలో పడవ పనికొచ్చే పనికి వాడింది ఆ ఒక్క రాత్రే అనుకుంటాను.

గుడ్డ దొరకలేదు.

ఆ తర్వాత స్వర్ణ మెరీనాకి జనం వచ్చినారు. బాతులు ఎక్కడానికి కాదు, గట్టు మీద నిలబడి "కళ్ళు వదులే!" అని అరిచి పోవడానికి. చక్రధర్ కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు. తర్వాత అన్నీ పీకేయమన్నాడు. పీకే రోజు ఆయనా వచ్చి గట్టు మీద కుర్చీ వేసుకోని కూచున్నాడు. పనివాళ్ళని తిట్టుకుంటా ఉంటే మళ్ళా పాత మనిషే అనిపించింది.

మునస్వామి జెట్టీ డబ్బాలు ఒక్కొక్కటే విప్పినాడు. నడిమి డబ్బా పైకి లేపినాడు. లేపి… అట్లనే నిలబడిపోయినాడు.

గుడ్డ దాని అడుగున ఉండింది. రెండు తుప్పు బోల్టులకి తగులుకోని, పరిచినట్టు ఉండింది.

ఇసుక మీద పరిచినారు. రంజాన్‌బీని పిలుచుకోని వచ్చినారు. ఆమె వచ్చి, చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

గంగమ్మకి కళ్ళుండాయి.

నల్లటి కళ్ళు. నడిమిన గుడ్డు, చుట్టూ వలయం. రెండూ తెరిచి ఉండినాయి. రెండూ ఒకే పక్కకి… కొంచెం ఎడమకి… తిరిగి ఉండినాయి.

"నేను పెట్టలేదు," అనింది రంజాన్‌బీ. అంతే అనింది.

గుడ్డకి ఎడమ పక్క కుర్చీలో చక్రధర్ ఉండినాడు.

ఆయన లేచి వచ్చి చూసినాడు. ఏదో ఒక వెక్కిరింపు మాట వస్తాదని మునస్వామి ఎదురు చూసినాడు. రాలేదు. "మడిచెయ్యండి," అన్నాడు చిన్నగా. "బొమ్మ లోపలికి పెట్టి మడిచెయ్యండి."

అప్పటికి పొద్దు వాలింది. వెలుతురు ఇంకా ఉండాది, మనిషికి మనిషి కనబడతా ఉండాది. చక్రధర్ కారు వైపు నడిచినాడు. నడిచి నడిచి… గట్టు మీద పెట్టిన బాతుని గుద్దుకోని పడినాడు. అంత పెద్ద తెల్ల బాతుని!

"సూసుకోండి సార్," అని మునస్వామి లేపినాడు.

"కనబడలేదు," అన్నాడు చక్రధర్. మునస్వామి చెయ్యి వదల్లేదు. "మునస్వామీ… లైట్లు ఆర్పేసినారా ఏంది?"

పగలు బాగానే కనబడతాదంట ఆయనకి. పొద్దుగూకితేనే. డాక్టరు షుగరు అన్నాడు. షుగరే. వాళ్ళ నాయనకీ ఉండింది. "పగలు తిరిగిచ్చేస్తాదిలే, రాత్రిళ్ళు వాడుకుంటాది," అని మునస్వామి అంటాడు గానీ, మునస్వామి మాటలు నేను నమ్మను.

వానల్లో ఇసుక మూటలు కొట్టుకోనిపోయినాయి. ఏరు మళ్ళా ఏరయింది. బాతులు ఇసుకలో బోర్లా పడి ఉండాయి; వాటి కింద కుక్కలు పిల్లలు పెట్టినాయి. రంజాన్‌బీ పొద్దుగూకినాక వంతెన కాడికి పోతా ఉండాది, ఎవురూ అడ్డం రారు.

సరే. ఇనుమూ కరక్కాయా కలిస్తే ఏమవుతాది?… నలుపు. సెబాష్! బోల్టు నడిమి గుడ్డు, నట్టు చుట్టూ వలయం. సైన్సు. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఏందీ? రెండు బోల్టులూ సరిగ్గా కళ్ళ చోటే ఎట్లా తగులుకున్నాయా?… అది సిలబస్సులో లేదు నాయనా.

గుడ్డ ఏమయిందా? చెడిపోయిందనుకోని రంజాన్‌బీ పారెయ్యబోయింది. ఎర్ర రంగు పెట్టి చూస్తే గీతలు దాటి పాకి, గంగమ్మ చుట్టూ వరద మాదిరి అయింది. తెర అడిగిన చంద్రకాంతమ్మ మాత్రం చూసి దండం పెట్టి, "ఇదే కావాల, అమ్మ తనే కళ్ళు తెరిచింది" అనింది. మిగతా రంగులు వేసి ఇచ్చింది రంజాన్‌బీ. కళ్ళ జోలికి పోలేదు. అంచు కుట్టడానికి ఆమెకి చూపు ఆనదు. షబ్రీన్ ముట్టనంటే ముట్టననింది. కుట్టుపని తెలిసిన వాళ్ళు ఊళ్ళో ఇంకెవరుండారు?

ఆఁ… ఇదే. దూరం జరగబాకండి, గుడ్డే కదా!

మూడు వైపులా అయింది. ఒక వైపు మిగిలింది, రంజాన్‌బీ రేపు పొద్దున్నే వస్తాది తీసుకోవడానికి. లెయ్యండి, నా కొంగు వదలండి, ముందు రూములో లైటు కిందికి పోయి అది ముగించేస్తాను.

ఏందమ్మణ్ణీ? బొమ్మ పైకి పెట్టుకోని కుట్టొచ్చు కదా, ఎందుకు బోర్లా వేసుకున్నానా?

అంచు ఎప్పుడూ వెనక పక్క నించే మడిచి కుట్టాలి. బళ్ళో కుట్టుపని పిరీడులో నేను చెప్పేది అదే. అందుకే బోర్లా వేసుకున్నాను.

పడుకోండి. లైటు ఆర్పను.